పూటకో పొట్లం

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కల్వకుర్తి. పోయిన చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు పోయినం. నా బ్యాగు పదకొండు కిలోలయింది. లోయలకు దిగేటప్పుడు తెల్వలేదు గని, మళ్ల ఎక్కేటప్పుడు మోకాళ్లు చెప్పినయ్. ఇంటికొచ్చి విప్పితే అర లీటరు నూనె సీసాకు మూత గూడ తియ్యలేదు. సబ్బు, పేస్టు, కారం డబ్బా అన్నీ నిండుగ అట్లనే వాపసొచ్చినయ్. ఈ శివరాత్రికి మన్ననూరు నుంచి శ్రీశైలం నడిచి పోదామనుకుంటున్నం. నేను, మా ఆయన, మా అన్న. నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. మా అన్న శివమాలల ఉంటడు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముట్టడు, బయట వండింది తినడు. అందుకని రాత్రిపూట మేమే వండుకోవాలె. నూనె, ఉప్పు, కారం, సబ్బు, పేస్టు, గోలీలు, ఇవన్నీ చిన్నచిన్నగ ఎట్ల కట్టుకోవాలె? ఫోన్ల వీడియోలు చూస్తే ఒక్కొక్క చిన్న డబ్బాకు రెండొందలు, మూడొందలు చెప్తున్నరు. పైగ మా ఆయన షేవింగ్ సామాను మొత్తం తెస్తనని కూసున్నడు. జర దారి చూపియ్యి. — ఒక చెల్లె

జవాబు: చెల్లె, ముందు ఆ నూనె సీసా లెక్క తేల్చుకుందాం. అర లీటరు నూనె అంటే నాలుగు వందల అరవై గ్రాముల దాక బరువు. సీసా బరువు వేరే. ముగ్గురికి ఒక పూట కిచిడికి పోపు పెట్టాలంటే మూడు చిన్న చెంచాలు చాలు. చెంచా అయిదు మిల్లీలీటర్లు. మూడు రాత్రులకు కలిపి నలభై అయిదు. నువ్వు మోసిన దాంట్ల పదో వంతు గూడ కాదు. మరి అంత సీసా ఎందుకు పెట్టుకున్నవు? ఇంట్ల అర లీటరు సీసానే ఉన్నది కాబట్టి. చానా మంది బ్యాగులు ఇట్లనే బరువెక్కుతయ్. ఎంత కావాలె అని ఎవరూ అడగరు, ఉన్న డబ్బాను ఉన్నట్టు ఎత్తి లోపల పెడతరు.

మాది కిరాణం ఇల్లు. జడ్చర్ల దగ్గర మా నాయినకు చిన్న దుకాణం ఉండేది. పాలమూరు నుంచి డ్యాముల పనికి, కాలువల పనికి దూర దేశం పోయేటోళ్లు బయల్దేరే ముందు రోజు పొద్దూకినంక దుకాణానికి వచ్చేటోళ్లు. కిలో ఇయ్యి, అర కిలో ఇయ్యి అని వాళ్లు అడగకపోదురు. "సేటూ, నలుగురం పోతున్నం, రెండు పూటలకు సరిపోను కట్టు" అందురు. నాయిన మనుషులను చూసేటోడు. పిల్లలున్నరా, ముసలోళ్లున్నరా చూసి, పప్పు చేతితోనే తూచేటోడు. ఆ పప్పు మీద నాలుగు ఎండు మిరపకాయలు, ఒక చింతపండు ఉండ, వేలెడంత ఉప్పు పొట్లం పెట్టి, అన్నిటినీ కలిపి ఒక్క పెద్ద పొట్లం చుట్టేటోడు. అట్లాంటివి రెండు. ఒక్కటి విప్పితే ఒక్క పూట. విప్పింది ఆ పూటకే అయిపోవాలె, మళ్ల కట్టే పని లేదు. నేను పదేండ్లోణ్ణి, దారం అందిచ్చేది నా పని.

ఇన్నేండ్లకు నేను ట్రెక్కింగులని తిరిగి, తూకాలు చూసి, వీడియోలు చూసి మళ్ల ఆ పొట్లం దగ్గరికే వచ్చిన. నువ్వు వస్తువుల లెక్కన అడిగినవు. నూనెకు ఒక బుడ్డి, ఉప్పుకు ఒక డబ్బి, పసుపుకు ఇంకొకటి. అట్ల పోతే పది వస్తువులకు పది డబ్బాలు, పది మూతలు. చీకట్ల టార్చి పట్టుకొని పదీ వెతకాలె. పూటల లెక్కన కట్టు. నీకు మూడు రాత్రులు, కాబట్టి మూడే పొట్లాలు.

పొట్లంల ఏముండాలె? ముగ్గురికి ఒక రాత్రికి నాలుగు వందల యాభై గ్రాముల బియ్యపు నూకలు, నూట యాభై గ్రాముల పెసరపప్పు. దినమంత నడిచినోళ్లకు ఇది ఎక్కువేం కాదు. నూకలే ఎందుకంటే నిండు బియ్యం కంటే తొందరగ ఉడుకుతయ్, పొయ్యి మీద గిన్నె పెట్టుకొని కూసునే పని తగ్గుతది. ఇప్పుడు అసలు కిటుకు విను. ఇంట్లనే మూకుడుల మూడు చెంచాల నూనె పోసి, ఆవాలు, జీలకర్ర, ఎండు మిర్చి, కరివేపాకు వేసి పోపు పెట్టు. కరివేపాకు గలగలలాడే దాక వేగాలె, తడి ఉంటే బూజు పడుతది. అందుల్నే పెసరపప్పు వేసి కమ్మటి వాసన వచ్చే దాక వేయించు. తర్వాత నూకలు పోసి ఇంకొక రెండు నిమిషాలు తిప్పు. దించి పసుపు చిటికెడు, కారం చెంచాడు, ఉప్పు చెంచాన్నర కలిపి పూర్తిగ చల్లారనియ్యి. వేడి మీద కట్టినవంటే లోపల చెమ్మ పట్టి రెండో రోజుకే ముక్కిపోతది. చల్లారినంక కడితే నాలుగైదు రోజులకు ఢోకా లేదు.

ఇక చూడు, నూనె సీసా పోయింది, ఉప్పు డబ్బా పోయింది, కారం, పసుపు, పోపు డబ్బా పోయినయ్. అంతా గింజలకే పట్టి ఉన్నది. గ్లాసు గింజలకు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి ఉడికించుడే. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేదు కాబట్టి మీ అన్నకు గూడ ఇబ్బంది లేదు. అయితే మాలల ఉన్నోళ్ల నియమాలు ఒక్కో గురుస్వామి దగ్గర ఒక్కో తీరు ఉంటయ్. ముందే వేయించి పెట్టింది నడుస్తదా అని మీ అన్ననే గురుస్వామిని అడగమను. నడవదంటే అవే కొలతల పచ్చి గింజలు కట్టి, నూనెకు మాత్రం ఒక చిన్న సీసా పెట్టుకోండి.

ఒక్కో పొట్లం ఆరు వందల గ్రాముల పైన ఉంటది. ముగ్గురు తలా ఒకటి మోయండి. మోకాళ్ల నొప్పి నీకు కాబట్టి మొదటి రాత్రి పొట్లం నీ బ్యాగుల పెట్టుకో, ఆ రాత్రికే నీ బరువు దిగిపోతది. మూడో రాత్రి పొట్లం మీ ఆయనకు ఇయ్యి. ఎందుకని అడిగితే షేవింగ్ సామాను యాది చెయ్యి.

పొట్లాల కంటే పెద్ద మాట ఒకటి ఉన్నది. శివరాత్రి వచ్చే నెలల నల్లమల ఎండు ఆకులతోని నిండి ఉంటది. టేకు, మద్ది, నల్లమద్ది అన్నీ ఆకు రాలుస్తయ్. అడవికి నిప్పు ముప్పు మొదలయ్యేది అప్పుడే. పైగ అది పులుల అడవి. దారి పక్కన ఎక్కడ పడితే అక్కడ మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టియ్యొద్దు. మన్ననూరు దాటినంక వటువర్లపల్లి, దోమలపెంట తీరు ఊర్లున్నయ్, శివరాత్రికి భక్తులు దిగే విడుదులుంటయ్. వండేది అక్కడనే, మనుషులుండి నీళ్లున్న చోటనే, అటవీ సిబ్బంది ఒప్పుకున్న చోటనే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక ఆ రోడ్డు మీద బండ్లనే పోనియ్యరు. అట్లాంటి చోట మీరు చీకటి పడ్డంక నడవాలని అనుకోవద్దు. ఈ లెక్కన పగటి పూట మీకు పొయ్యి లేనట్టే. దానికి మన ఇండ్లల్ల కరువా?

పగటి తిండికి నాకు పల్లీల మీద నమ్మకం. వనపర్తి, గద్వాల దిక్కు పల్లికాయ పండే నేల మనది, బయట కొనేదేం లేదు. పల్లీలల్ల సగం దాక నూనెనే ఉంటది. నూరు గ్రాములు తింటే అయిదు వందల అరవై కేలరీల పైన వస్తది, అదే నూరు గ్రాముల అటుకులల్ల మూడొందల యాభై దాకనే. బరువు తక్కువ, బలం ఎక్కువ కావాలంటే పల్లిపట్టీలు, నువ్వుల ముద్దలు, వేయించిన పల్లీలు. మనిషికి రోజుకు రెండొందల గ్రాములు అనుకొని, ఏ రోజుది ఆ రోజు వేరే కట్టు. ఒక్కటే సంచిల పోస్తే మొదటి రోజు వటువర్లపల్లి రాకముందే మూడో రోజుది గూడ తినేస్తరు. నేను తిన్న.

బతుకమ్మకు చేసే మలీద ముద్దలు గూడ మంచివే గని అందుల రొట్టె ఉంటది, తడి ఉంటది. మొదటి రోజుకు, మహా అయితే రెండో రోజు పొద్దటికి. సత్తుపిండి పొడిగ కట్టుకపోయి నడుచుకుంట నోట్ల పోసుకుంటే పొలమారుతది. బెల్లం పాకంల ముద్దలు చేసుకపో. సకినాలు మాత్రం వద్దు. మా ఇంట్ల సంక్రాంతికి మిగిలినయ్ అని ఒకసారి బ్యాగు అడుగున పెట్టిన. మూడో రోజు చెంచాతోని తిన్నం. ఆవకాయ గూడ వద్దు, నూనె కారితే బట్టలకు పట్టిన వాసనకు కోతులు వెంటపడుతయ్. శ్రీశైలం రోడ్డు కోతుల సంగతి నీకు చెప్పేదేమున్నది. చేతిల కవరు కనవడితే అది వాటిదే. అందుకే తినే పొట్లాలు బ్యాగు బయటి జేబుల్ల పెట్టొద్దు, కోతులకు తిండి వేయొద్దు.

అన్నంల నంజుకోవడానికి ఏదన్న కావాలంటే చింతపండు. నిమ్మకాయంత ఉండ, అందుల్నే బెల్లం ముక్క, ఎండు మిర్చి. పొయ్యి లేకుండనే పచ్చిపులుసు అయితది. ఉల్లిగడ్డ లేని పచ్చిపులుసు పచ్చిపులుసేనా అని మా ఆవిడ అంటది గని, అడవిల అది అమృతమే.

ఇప్పుడు వేటిల కట్టాలె అన్న సంగతి. విదేశీ వీడియోలల్ల ప్లాస్టిక్ స్ట్రాలను వేలెడంత ముక్కలు చేసి, ఉప్పు, కారం నింపి, రెండు కొసలు మంటకు అంటించి మూసేస్తరు, చూసే ఉంటవు. తెలివైన పనే. కానీ మన దేశంల 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు బంద్. ఇప్పుడొచ్చే కాగితం స్ట్రాలు మంటకు అతకవు, అంటుకుంటయ్. దుకాణంల పాత స్టాకు ఉన్నదేమో అని వెతకకు. పాల ప్యాకెట్లు చాలు. మందంగ ఉంటయ్, తిండికి పనికొచ్చే ప్లాస్టిక్కే. ఒక పక్క కత్తిరించి, లోపలి వైపు బయటికి తిప్పి, గోరువెచ్చటి నీళ్లతోని సబ్బు పెట్టి కడిగి, నీడకు రెండు రోజులు ఆరనియ్యి. పాల వాసన పోవాలె. పోలేదంటే మళ్ల కడుగు.

మూసే పద్ధతి మా నాయిన దుకాణంల పల్లిపట్టీల ప్యాకెట్లకు చేసిందే. ఇనుము కోసే హాక్సా బ్లేడు ఒకటి తీసుకో. కవరు మూతిని సక్కగ మడిచి బ్లేడు అంచు మీదికి గోరంత కనవడేటట్టు పట్టుకొని, ఆ బయటికొచ్చిన అంచును కొవ్వొత్తి మంట పక్క నుంచి ఒక్కసారి జరుపు. కరిగి అతుక్కుంటది. మంటల పెట్టకు, పక్కకు పట్టు. నల్లగ అయిందంటే కాలింది, అతకలేదన్నట్టు. రెండు ఖాళీ కవర్ల మీద చెయ్యి తిప్పుకొని తర్వాత అసలుది చెయ్యి. కిటికీ తెరిచి చెయ్యి, ఆ పొగ మంచిది కాదు. ఇదంత వద్దనుకుంటే మూతికి జిప్పు ఉండే కవర్లు స్టేషనరీ దుకాణంల దొరుకుతయ్, ఇంటికొచ్చినంక కడిగి మళ్ల వాడుకోవచ్చు. రెండొందల డబ్బాలు మాత్రం కొనకు.

నాయిన పొట్లాలు న్యూస్ పేపర్లవి. ఆ సంగతి గొప్పగ చెప్పిన గని, దాన్ని అట్లనే చెయ్యొద్దు. అచ్చు సిరా తిండికి అంటుతది, అందుకే తినే వస్తువులు పేపర్ల కట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2016లనే హెచ్చరించింది. కాగితమే కావాలంటే అచ్చు లేని తెల్ల కాగితం.

పొట్లాల మీద పేర్లు రాసుడు మర్చిపోకు. మేం నలుగురం దోస్తులం ఒకసారి సలేశ్వరం దిక్కే పోయినప్పుడు నేనే కట్టిన పొట్లాలు. ఉప్పు ఒకటి, కడుపుల మంటొస్తే పనికొస్తదని వంటసోడా ఒకటి. రెండూ తెల్లటి పొడులే, రెండూ ఒకే తీరు కవర్లు. నాకు యాది ఉంటదనుకున్న. పచ్చిపులుసు కలిపి ఉప్పు వేస్తే గిన్నె నిండ బుసబుస పొంగింది. చింతపండు పులుపుకు సోడా తగిలితే అంతే గదా. ఒకడు భయపడి లేచి నిలవడ్డడు. నా మీద ఆ ముగ్గురు ఇప్పటికీ "పొంగించు అన్నా" అని నవ్వుతరు. అప్పటి నుంచి మందుల షాపుల దొరికే కాగితం టేపు ముక్క అతికించి బాల్ పెన్నుతోని రాస్త. స్కెచ్ పెన్ను రాత చేతి జిడ్డుకు చెరిగిపోతది. రాసింది కనవడని చీకట్లకు దారం ముడులు. ఉప్పుకు ఒక ముడి, చక్కెరకు రెండు. వేలితోని తడిమి చెప్పొచ్చు.

పండ్లు తోముకునేదానికి కొందరు పేస్టును బొట్లుబొట్లుగ పళ్లెంల పెట్టి, రెండు మూడు రోజులు ఎండబెట్టి గోలీల తీరు తీస్కపోతరు. సర్కస్. నువ్వు పండ్లపొడి తీస్కపో, ముగ్గురికి నాలుగు రోజులకు ఒక అగ్గిపెట్టెడు. వేపపుల్ల ఇరుద్దామనుకోకు, అది రిజర్వు అడవి. సబ్బుకు మాత్రం వీడియోలు చెప్పింది నిజమే. కూరగాయల పొట్టు తీసే పీలరుతోని సబ్బును పలచటి పొరలుగ గీకు. ఒక్కసారి చెయ్యి కడిగితే ఒక్క పొర. ఇరవై పొరలు కాగితంల చుట్టితే నాలుగు రోజులు వెళ్లిపోతయ్. ఎండిన చేతితోనే తియ్యాలె, తడి తగిలితే అన్నీ ఒక్క ముద్ద. వాగుల, కుంటల సబ్బు కడగొద్దు. సీసాల నీళ్లు పట్టుకొని అరవై మీటర్లు అవతలికి పోయి కడుక్కో. అడవి జీవాలు తాగే నీళ్లు అవి. షాంపూ వద్దు, నాలుగు రోజులకు తల ఏం కాదు.

ఇంత సేపు చిన్నగ చెయ్యి, చిన్నగ చెయ్యి అన్న. చిన్నగ చెయ్యరానివి గూడ ఉన్నయ్. గోలీల సంగతి జాగ్రత్తగ చదువు.

గోలీలను పట్టీ నుంచి విడిపించి చిన్న డబ్బిల పోసుకుంటరు చానా మంది. ఇది నాకు నచ్చదు. తెల్ల గోలీలన్నీ ఒక్క తీరే ఉంటయ్, పైగ కొన్ని గాలి తగిలితే చెమ్మ పడుతయ్. పట్టీనే కత్తెరతోని కత్తిరించు, కానీ మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ఉండాలె. గడువు తేదీ ఒక అంచునే అచ్చు వేసి ఉంటది, ఆ అంచు పడేసి మిగిలింది తీస్కపోయేటోళ్లే ఎక్కువ. పేరు తెగిపోతే కాగితం టేపు మీద పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు రాసి అతికించు. జ్వరానికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములవి మనిషికి నాలుగు చాలు, గోలీకీ గోలీకీ నడుమ నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉండాలె. బీపీ, షుగర్ గోలీలు వాడేటోళ్లుంటే రెండు రోజులవి ఎక్కువ పెట్టుకొని, సగం ఒక బ్యాగుల, సగం ఇంకొక బ్యాగుల. ఒక బ్యాగు కోతి ఎత్తుకపోయినా మందు మిగలాలె. అయిపోయిన కంటి చుక్కల బుడ్డిల నూనె, దోమల మందు పోసుకునే అలవాటు ఉంటే ఇయ్యాల్నే మానుకో. చీకట్ల ఎవరన్న కంట్ల వేసుకుంటే అది ఎవరి తప్పు?

ఓఆర్ఎస్ పొట్లం అసలే సగం చెయ్యకు. ఒక లీటరుకు సరిపోయే పొట్లంల ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటయ్, అన్నీ కలిపి 20.5. ఆ పొడి పొట్లంల అన్ని చోట్ల సమంగ కలిసి ఉండదు. సగం తీసి అర లీటరుల కలిపితే ఉప్పు ఎటు పోయిందో, చక్కెర ఎటు పోయిందో తెల్వదు. విప్పితే మొత్తం ఒక లీటరులనే కలపాలె. చిన్నది కావాలంటే 200 మిల్లీలీటర్లకు సరిపోయే పొట్లాలు షాపుల అడుగు. ముగ్గురికి లీటరు పొట్లాలు నాలుగు పెట్టుకో, బరువు వంద గ్రాములు గూడ కాదు. అయిపోతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ సమంగ గీసిన చెంచాలే. అందుకే ఇందాక చక్కెర పొట్లానికి రెండు ముడులు అన్న. అట్ట డబ్బాల దొరికే తియ్యటి జ్యూసులను ఓఆర్ఎస్ అనుకొని మోయకు.

నీళ్లను శుద్ధి చేసే క్లోరిన్ బిళ్లలు గూడ ఇంతే. ఏ బిళ్ల ఎన్ని లీటర్లకు అని పట్టీ మీదనే రాసి ఉంటది. ఇరవై లీటర్ల బిళ్లను గోరుతోని గిల్లి లీటరు సీసాల వేసుకునేటోళ్లను చూసిన. నీ సీసాకు సరిపోయే బిళ్లనే కొను, వేసినంక అర గంట ఆగు. మా అత్తగారిది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్ల జాగ, నీళ్లంటే ఆ ఇంట్ల అందరికీ అనుమానమే. ఈ బిళ్ల ఫ్లోరైడ్‌ను తీస్తదా అని మా మామ ఒకసారి అడిగిండు. తియ్యదు. బిళ్ల క్రిములను చంపుతది, మరగబెట్టినా అంతే. ఫ్లోరైడ్ తియ్యాలంటే పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి వేరే ఉన్నది, నాగపూర్ల ఉన్న నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు తయారు చేసిందానికి నల్లగొండ పేరే పెట్టిన్రు. నాలుగు రోజుల నడకకు నీకు ఆ చింత అక్కర లేదు.

తాగే నీళ్లు మాత్రం తగ్గియ్యకు. లీటరు నీళ్లు కిలో బరువు, అది తగ్గే బరువు కాదు. ఆ నెలల వాగులు చానా వరకు ఎండిపోయి ఉంటయ్. ఊరు దాటేటప్పుడు మనిషికి రెండు లీటర్లు నింపుకోవాలె. నూనె సీసా తీసేసింది దీనికి జాగ ఇయ్యడానికే.

నడిచేటోళ్లకు పాదాల పొక్కులు తప్పవు. కాగితం టేపు చుట్ట మొత్తం వద్దు, మీటరు టేపు విప్పి నీళ్ల సీసా చుట్టూ చుట్టు, అక్కడి నుంచే ఊడదీసి వాడుకో. మీ అన్న ఉత్త కాళ్లతోని నడుస్తడేమో, ఆయన కోసం అయొడిన్ మలాము చిన్న ట్యూబు, దూది కొంచెం.

ఖాళీ కవర్లు అన్నీ వాపసు తేవాలె. పూటకో పొట్లం అన్నదానికి ఇది గూడ ఒక కారణం. వస్తువుకో పొట్లం, అందుల మళ్ల పూటకో పొట్లం కట్టుకున్నోళ్ల దగ్గర నాలుగో రోజుకు ముప్పై ప్లాస్టిక్ ముక్కలైతయ్, వాటిల పది గాలికి పోతయ్. నీ దగ్గర రాత్రి తిండివి మూడు, పగటివి నాలుగు, చిల్లరవి మూడు నాలుగు. అన్నీ ఒక్క పాల కవరుల పడతయ్. అమ్రాబాద్ పులుల అడవి రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్ల పైన ఉన్నది, ఆ రోడ్డు పక్కన మాత్రం మనం పారేసిన కవర్లే కనవడతయ్. దుప్పులు, మనుబోతులు ఉప్పు వాసనకు కవర్లు నాకుతయ్, మింగుతయ్.

బరువు లెక్క. ట్రెక్కింగు చేసేటోళ్లు తిండి, నీళ్లు తీసేసి మిగిలిన సామాను తొమ్మిది కిలోల లోపల ఉంటే తేలిక బ్యాగు అంటరు, నాలుగున్నర లోపల ఉంటే మహా తేలిక. అది డేరా, నిద్రసంచి మోసేటోళ్ల లెక్క. నీకు డేరా లేదు. దుప్పటి, ఒక జత బట్టలు, గిన్నె, పళ్లెం, టార్చి, మందులు కలిపితే మూడు కిలోలు దాటొద్దు. తిండి కిలోన్నర, నీళ్లు రెండు కిలోలు. ఆరున్నర కిలోలతోని మన్ననూరు దాటుతవు, నాలుగో రోజుకు తిండి మొత్తం దిగిపోయి అయిదుకు వస్తవు. తూకం ఇంట్ల లేకపోతే మీ వాడకట్టు కిరాణంల వేయించుకో, కాదనరు. పోయే ముందు ఒక రాత్రి మిద్దె మీద లైటు ఆర్పేసి, టార్చి వెలుగుల ఒక పొట్లం వండుకొని తినండి. ఉప్పు తక్కువైందో, ముడి తెల్వలేదో ఇంటి దగ్గరనే తెల్సిపోతది. అప్పుడు ఇంకొక పొట్లం కట్టుకోవచ్చు.

ఇక మీ ఆయన షేవింగ్ సామాను. క్రీము, బ్రష్షు, రేజరు, అద్దం, పైన రాసుకునే సీసా, ఆ డబ్బా తూచి చూడు, మూడో రాత్రి కిచిడి పొట్లం బరువు దగ్గరికి వస్తది. శివమాలల ఉన్న బావమరిది నెత్తి, గడ్డం ముట్టకుండ పక్కన నడుస్తుంటే ఈయన అడవిల అద్దం పెట్టుకొని కూసుంటడా? అడుగు. అయినా వినకపోతే మొత్తం తీస్కపోనియ్యి, కాని ఆయన బ్యాగుల్నే. మన్ననూరు గేటు దాటినంక నీ బ్యాగులకు మార్చుకోనియ్యకు.